ఎంతగారి నీళ్ల క్యాన్

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతం చిట్టాలో, ఇంటిపన్ను రసీదులో అది భద్రంగానే ఉంది. మనుషుల నోట్లో మాత్రం ఆయన ఎంతగారే. నీటి సరఫరా శాఖ లాబ్‌లో ఇరవై రెండేళ్లుగా కెమిస్టు. ఎవరేం చెప్పినా ఆయన మొదట అనే మాట "ఎంత?" అని. జ్వరమొచ్చిందంటే ఎంత? వాన పడిందంటే ఎంత? సభకు జనం బాగా వచ్చారంటే, "బాగా అంటే ఎంత?" కొత్తగా చేరిన గుమాస్తా ఒకాయన మొదటిరోజే ఆ మాట విని, లంచం అడుగుతున్నాడనుకుని జేబు తడుముకున్నాడట. ఆ ముచ్చట చెప్పుకుని ఆఫీసులో ఇప్పటికీ నవ్వుకుంటారు.

అలాంటి మనిషికి ఒకే ఒక్కసారి ఆ ప్రశ్న అడగాలని తోచలేదు. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆయనే పిలిచి మరీ చెప్పుకుంటున్నాడు కాబట్టి, మనం చెప్పుకున్నా తప్పు లేదు.

గొడవంతా కొత్త యంత్రంతో మొదలైంది. పాత యంత్రానికి చూపు మందం. నీళ్లలో పురుగుమందో కలుపుమందో కాస్త గట్టిగా ఉంటే తప్ప దానికి ఆనేది కాదు. ఆననప్పుడు రిపోర్టులో "కనపడలేదు" అని రాయాలి. ఇరవై రెండేళ్లు ఎంతగారు అదే రాశాడు. చదివినవాళ్లు దాన్ని "లేదు" అని అర్థం చేసుకున్నారు. పోనుపోను రాసినాయన కూడా అలాగే అర్థం చేసుకోవడం మొదలుపెట్టాడు. అబద్ధం రాయలేదు కదా, ఇంకేం కావాలి?

కొత్త యంత్రం వచ్చింది. దానికో చల్లగది, రెండు తాళాలు, లోపలికి వెళ్లేవాళ్లు చెప్పులు విడవాలన్న నియమం. ఆ నియమం పెట్టింది ఎంతగారే. మొదటి రోజే కుళాయి నీళ్లు పెట్టి చూస్తే కాగితం మీద కలుపుమందు పేరు, దాని పక్కన "కనపడింది" అన్న మాట వచ్చాయి. ఎంత? నీళ్లలో నూరు పాళ్ల దాకా ఉండొచ్చని నిబంధన అనుకుంటే, ఇది ఒక పాలు. ఆ నూరు కూడా ఊరికే గీసిన గీత కాదు. జంతువులకు ఏ హానీ చెయ్యని మోతాదు ఎంతో చూసి, దాన్ని వందో వంతుకు కోసి, అక్కడ గీసిన గీత. అంటే భయపడాల్సింది ఏమీ లేదు. నిన్న కూడా ఆ ఒక్క పాలు ఉండే ఉంటుంది. మొన్నా ఉండే ఉంటుంది. పాత యంత్రానికి కనపడలేదంతే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ మర్నాడు పేపరు విలేకరి వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఎంతగారి గదికి విలేకరి రావడం అదే మొదలు. మనిషి ఉబ్బిపోయాడు.

"ఇక దాపరికాలు సాగవండీ. చెరువులో చిటికెడు కలిపినా మన యంత్రం పట్టేస్తుంది" అన్నాడు.

"మరి ఏమైనా పట్టిందా సార్?"

"పట్టకేం! మొదటి రోజే పట్టింది. కలుపుమందు."

"అంటే మన కుళాయి నీళ్లలో కలుపుమందు ఉందన్నమాట."

"ఉంది. అయితే ఎంత అంటే..."

విలేకరి కలం "ఉంది" దగ్గరే ఆగిపోయింది. ఎంతగారు ఆ తర్వాత ముప్పావుగంట సేపు ఎంతో చెప్పాడు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. తెల్లారి పేపర్లో "కుళాయిలో విషం! పట్టేసిన కొత్త యంత్రం" అని నాలుగు వేళ్ల మందాన అక్షరాలు పడ్డాయి. కింద ఎంతగారి ఫోటో వేశారు. యంత్రం మీద చెయ్యేసుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. "విషం దొరికితే ఇంత సంబరపడే మనిషిని నేనెక్కడా చూడలేదు" అంది భార్య, పేపరు ఆయన ఒళ్లో పడేసి.

ఆ వారం గోరంత కాస్తా కొండంతయింది. జుట్టు రాలినా నీళ్లే, నిద్ర పట్టకపోయినా నీళ్లే. పరీక్ష తప్పిన పిల్లలకు కూడా నీళ్లే కారణమయ్యాయి. ఫోన్లలో తిరిగిన ఒక వీడియోలో ఒక పెద్దమనిషి తెల్లకోటు వేసుకుని, ఈ మందు ఎముకల్లో దూరి ముప్ఫై ఏళ్లు దాక్కుంటుందని ఏడుపుగొంతుతో చెప్పాడు. ఆయన ఏ డాక్టరో ఎవరికీ తెలియదు. కోటు మాత్రం తెల్లగా ఉంది.

ఎంతగారికి ఇదంతా పండగలా ఉంది, నిజం చెప్పాలంటే. టీ కొట్టు దగ్గర నిలబడి రోజుకో ఉపన్యాసం ఇచ్చేవాడు. "ఉందా లేదా అని కాదయ్యా, ఎంత అని అడగండి! ఉప్పు కూడా గుప్పెడు మింగితే ఆసుపత్రే. చదువుకున్నవాళ్లు కూడా ఇంత భయపడితే ఎలా?" అనేవాడు. వినేవాళ్లు టీ తాగేసి వెళ్లిపోయేవాళ్లు. అజ్ఞానం మీద జాలిపడటంలో ఒక సుఖముంది. ఆ సుఖం ఆయన ఆ వారం కడుపునిండా అనుభవించాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. అల్లుడూ ఆమే అదే ఇంట్లో పై వాటాలో ఉంటారు. కూతురికి ఏడో నెల. రెండేళ్ల కిందట ఒకసారి నాలుగో నెలలో కడుపు పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. ఒక్కోసారి కారణం తెలియదండీ, అంది. అన్నిటికీ ఎంతో ఏమిటో తేలాలనే మనిషి ఆ మాట విని, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున కూతురు కిందికి దిగి వచ్చి అడిగింది.

"నాన్నా, ఈ నీళ్లు నేను తాగొచ్చా?"

"నిక్షేపంగా తాగు తల్లీ. నూటికి ఒకటి. నేనే కదా చూసింది."

ఆమె సరేనని వెళ్లిపోయింది. ఆయన ఆఫీసుకు వెళ్లాడు. ఫైళ్లు చూస్తున్నాడు గానీ మనసు అక్కడ లేదు. నూటికి ఒకటి సరే, అనుకున్నాడు. నిబంధన రాసినవాళ్లు లెక్క చేశారు సరే. వాళ్లకు నా కూతురు తెలుసా? అప్పుడూ కారణం తెలియదన్నారు. ఆ తెలియని కారణం ఇదే అయితే? పాత యంత్రానికి కనపడక నేనే రెండేళ్ల కిందట "కనపడలేదు" అని సంతకం పెట్టి ఉంటే? అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. సాయంత్రానికల్లా ఆ భూతం స్కూటరు వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది.

ఎందుకైనా మంచిది. ఈ రెండు ముక్కల కన్నా ప్రమాదకరమైన మాట భాషలో లేదని ఆయన ఇప్పుడు అంటున్నాడు. అప్పుడు మాత్రం, ఎందుకైనా మంచిదనుకుంటూ, క్యాన్లు అమ్మే రేకుల షెడ్డు ముందు స్కూటరు ఆపాడు.

"మందు వాసన అస్సలు రాదు సార్. ఒక్క గుక్క తాగి చూడండి" అన్నాడు షెడ్డు ఆసామి.

తాగి చూశాడు. నిజమే, క్లోరిన్ వాసన లేదు. కుళాయి నీళ్లలో ఆ వాసన ఎందుకుంటుందో, అది లేకపోతే ఏమవుతుందో ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ తెలిసిన మనిషి, "భలే ఉన్నాయే" అన్నాడు. ఈ నీళ్లు ఎక్కడివని అడగలేదు. పరీక్ష చేయించారా అని అడగలేదు. ఎంత అని అసలే అడగలేదు. ఇరవై లీటర్ల క్యాన్‌ను స్కూటరు ముందు కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు కింద ఉన్న పాత దుప్పటి దాని మీద కప్పాడు. దుప్పటి కింద గుండ్రంగా ఏదో ఉందని దూరం నుంచి చూసినా తెలుస్తుంది. అది డుబుక్కు డుబుక్కుమంటోంది కూడా. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన తల వంచుకుని వీధి చివరి దాకా వచ్చేశాడు.

"ఏమిటిది?" అంది భార్య.

"పిల్లకు. కాన్పయ్యేదాకా."

"మరి మాకో?"

"మనకు కుళాయి నీళ్లు మంచివే."

భార్య ఆయన వంక చూసింది. ఆ చూపు ఎంతో కొలవగల యంత్రం ఇంకా రాలేదు.

తర్వాతి నాలుగు రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. అంతవరకూ పేపరు చదివి గొణుక్కున్నారే గానీ నీళ్లు మార్చని వీధివాళ్లు, ఒక్కసారిగా క్యాన్ల మీద పడ్డారు. దర్జీ ఇంటి ముందు క్యాను, ఎదురింటి మెట్ల మీద క్యాను, రిటైరైన లెక్కల టీచరమ్మ గుమ్మంలో రెండు క్యాన్లు. ఎంతగారు పొద్దున్నే డాబా మీద నిలబడి వాటిని లెక్కపెట్టి, "ముప్ఫై నాలుగు! గొర్రెల మంద. ఒకరు దూకితే అందరూ దూకడమే" అన్నాడు భార్యతో. మొదట దూకిన గొర్రె ఎవరన్న ఆలోచన ఆయనకు రాలేదు.

ఐదో రోజు కూతురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి కళ్లు తేలేసింది. అల్లుడూ ఆయనా చెరో వైపు పట్టుకుని ఆసుపత్రిలో చేర్చారు. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ పొట్ట మీద పరికరం పెట్టి వింది.

"బిడ్డ గుండె కొట్టుకుంటోంది. పర్వాలేదు. నీళ్లు బాగా పోయాయి, అదే భయం. ఇంట్లో ఏ నీళ్లు తాగుతోంది?"

భార్యే చెప్పింది.

"క్యాన్ నీళ్లండీ. వీళ్ల నాన్న తెచ్చారు. ఆయన నీళ్ల పరీక్షల ఆఫీసులోనే చేస్తారు."

డాక్టరమ్మ ఆయన వంక మర్యాదగానే చూసింది. అంతకంటే తిట్టినా బాగుండేది. బయట బెంచీ మీద దర్జీ, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. వాళ్ల నాలుగేళ్ల పాపకు కూడా అదే జబ్బు. "ఈ క్యాన్లు ఎవరు కొనమన్నారయ్యా మిమ్మల్ని?" అని విసుక్కున్నాడు ఎంతగారు. దర్జీ ఏదో అనబోయి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆయన తిన్నగా ఇంటికెళ్లి, క్యాన్ అడుగున మిగిలిన నీళ్లను శుభ్రమైన సీసాలో పట్టి లాబ్‌కు తీసుకెళ్లాడు. ఈసారి దుప్పటి కప్పలేదు. పక్క గదిలో క్రిముల పరీక్ష చేసే అమ్మాయి చేతికి రెండు సీసాలిచ్చాడు. ఒకటి క్యాన్‌ది, ఇంకొకటి ఆఫీసు కుళాయిది. ఆ పరీక్షకు ఒక రోజు పడుతుంది. ఒక్కో సీసా నీళ్లు ఒక్కో గాజు బిళ్లలో పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, క్రిములుంటే చుక్కలు చుక్కలుగా పెరిగేదాకా ఆగి, ఆ చుక్కల్ని లెక్కపెడతారు. ఆ రోజంతా ఆయన ఆసుపత్రికీ లాబ్‌కూ మధ్య తిరిగాడు. కొత్త యంత్రం గదిలోకి అడుగు పెట్టలేదు.

మర్నాడు ఆ అమ్మాయి రెండు బిళ్లలూ బల్ల మీద పెట్టింది. కుళాయి నీళ్లది ఖాళీగా ఉంది. రెండోది నిండిపోయి ఉంది.

"ఎంత?" అన్నాడాయన, అలవాటు కొద్దీ.

"లెక్కపెట్టలేం సార్. 'లెక్కకు మించి' అని రాస్తాం."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన "ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు రాకపోవడం అదే మొదలు. తర్వాత ఆరోగ్య శాఖవాళ్లు వెళ్లి చూస్తే, రేకుల షెడ్డు వెనకాల మూత లేని పాత బావి, దాని పక్కన మురుగుకాలువ ఉన్నాయి. నీళ్లు తోడి క్యాన్లలో నింపడమే గానీ క్లోరిన్ వెయ్యడం అన్నది లేదు. వాసన రాకపోవడమే కదా అక్కడి సరుకు గొప్ప. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ కొండనాలుకకు అసలు జబ్బే లేదు.

ఇంకో రెండు రోజులకు బడి హాల్లో సభ పెట్టారు. జనం భయం పోగొట్టాలని పెద్ద ఇంజినీరుగారు పెట్టించిన సభ అది. అప్పటికి కూతురు తేరుకుని ఇంటికి వచ్చింది. దర్జీ పాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఎంతగారి జేబులో క్యాన్ నీళ్ల రిపోర్టు ఉంది. అందులో "నమూనా తీసిన చోటు" అన్న గడిని ఆయన ఖాళీగా వదిలేశాడు. ఎవరిదో క్యాన్ అని చదివేస్తే సరిపోతుంది. జనం జాగ్రత్త పడతారు, తన పరువూ దక్కుతుంది. రెండూ కావాలనుకున్నాడు పాపం.

ముందు ఇంజినీరుగారు లేచి, కుళాయి నీళ్లు గ్లాసులో పోయించుకుని, ఫోటోలు తీసేదాకా ఆగి, గటగటా తాగారు. వెనక వరసలోంచి ఎవరో, "ఒక్క గ్లాసుకు ఎవరూ పోరు సార్, రోజూ తాగేది మేము" అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాత ఎంతగారు తెర మీద పటాలు వేశాడు. నిబంధన గీత పైన ఎక్కడో ఎర్రగా ఉంది. కలుపుమందు గీత నేలను అంటుకుని ఉంది. ఇంతకంటే తేటగా చెప్పడం ఎవరి వల్లా కాదు. జనం ఆవులించారు.

అప్పుడు లెక్కల టీచరమ్మ లేచి నిలబడింది. వీధిలో సగంమందికి ఎక్కాలు నేర్పిన మనిషి. హాలు దానంతటదే నిశ్శబ్దమైంది.

"ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని బాబూ. నీ నూటికి ఒకటి నాకు పేపరు వచ్చిన రోజే అర్థమైంది. టీ కొట్టు దగ్గర నువ్వు చెబుతుంటే విన్నానులే. నేను కంగారు పడలేదు. కుళాయి నీళ్లే తాగాను. మరి ఆ శుక్రవారం సాయంత్రం నువ్వు దుప్పటి కప్పి క్యాన్ తెచ్చుకున్నావు చూడు, అప్పుడు కంగారు పడ్డాను. లెక్క చేసినవాడే లెక్కను నమ్మకపోతే నేనెవరిని నమ్మడానికి? దర్జీ వాళ్లకూ, ఎదురింటి వాళ్లకూ నేనే చెప్పాను. ఎంతగారే క్యాన్ తెచ్చుకుంటున్నాడర్రా, మనకెందుకొచ్చిన గొడవ, అని. ఆ పాప ఆసుపత్రిలో పడిందంటే నా నోటి వల్లే. నువ్వు చెప్పు, నేను చేసిన తప్పేమిటి?"

ముప్ఫై నాలుగు క్యాన్లు. డాబా మీద నిలబడి ఎంతగారు లెక్కపెట్టిన ముప్ఫై నాలుగు. దర్జీ మొహం పక్కకు తిప్పుకోవడం కూడా ఆయనకు ఇప్పుడు అర్థమైంది. జనాన్ని భయపెట్టింది విలేకరి కాదు, తెల్లకోటు కాదు. పేపరు గట్టిగా అరిచినా కదలని వీధిని, తన దుప్పటి కదిలించింది.

"ఇంటికి చుట్టాలొచ్చారని చెప్పండి" అని ఇంజినీరుగారు చెవిలో ఊదారు.

ఎంతగారు జేబులోంచి రిపోర్టు తీశాడు. కలం తీశాడు. మైకు ముందే నిలబడి ఖాళీ గడి నింపి, పైకి చదివాడు.

"నమూనా తీసిన చోటు, మా వంటిల్లు. తీసుకొచ్చింది నేనే. క్రిములు, లెక్కకు మించి. టీచరమ్మగారూ, తప్పు మీది కాదు. నాది. మా అమ్మాయికి ఏడో నెల. ఇంతకు ముందు ఒకసారి పోయింది. భయమేసింది. నా చేత్తో చేసిన లెక్క నా చేతిలోనే ఉంది, అయినా భయమేసింది. మిమ్మల్నందరినీ గొర్రెలన్నాను. తీరా చూస్తే ముందు దూకింది నేను. కళ్లకు గంతలు కట్టుకుని, దుప్పటి కప్పుకుని మరీ దూకాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకు కూడా నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

"కుళాయి నీళ్లలో సున్నా అని నేను చెప్పలేను. ఇన్నేళ్లు నేనిచ్చిన సున్నా, పాత యంత్రం గుడ్డితనం. ఉన్నది నూటికి ఒకటి. అది మనల్ని ఏమీ చెయ్యదు. క్యాన్లో ఏముందో చూశారుగా. మా అమ్మాయిని ఆసుపత్రిలో పడేసింది అది. ఇక మీ ఇష్టం."

టీచరమ్మ కూర్చోలేదు. "ఈ ముక్క ముందే చెప్పి ఉంటే పటాలు అక్కర్లేకపోయేవి" అంది. ఆ సాయంత్రం వీధిలో చాలా క్యాన్లు మొక్కల పాదుల్లో బోర్లపడ్డాయి. అన్నీ కాదు. ఎంతగారు లెక్కపెట్టాడు, పదకొండు మిగిలాయి. శాఖ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వమని ఇంజినీరుగారి దగ్గర్నుంచి మర్నాడే మెమో వచ్చింది. పాప ఇంటికి వచ్చాక దర్జీ ఆయనతో మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. అది న్యాయమేనంటాడు ఎంతగారు.

సభ నుంచి ఇంటికి వచ్చేసరికి కూతురు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. సభకు వచ్చిన అల్లుడు అక్కడి నుంచే ఫోన్లో అంతా వినిపించేశాడట.

"దాహంగా ఉంది నాన్నా" అంది.

భార్య కదలలేదు. అల్లుడూ కదలలేదు. ఎంతగారే గ్లాసు తీసుకుని కుళాయి తిప్పాడు. గ్లాసు నిండింది. నిండిన గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. హాల్లో అంతమంది ముందు చెప్పిన మాట, వంటింట్లో నాలుగడుగులు నడవడానికి సాయం రాలేదు.

కూతురు ఆ గ్లాసు వంక చూసింది.

"ఎంత నాన్నా?"

"నూటికి ఒకటి."

"నీళ్లలో సరే. నీ భయం ఎంత?"

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పలేదు.

"నూటికి నూరు తల్లీ."

ఆమె నవ్వి, లేచి వచ్చి, ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఆయన చూస్తుండగానే ఆపకుండా తాగేసి, ఖాళీ గ్లాసు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకో గ్లాసు ఇవ్వు."